పదకొండున్నర చుట్లు

ఫర్జానా ల్యాప్‌టాప్ తెరిచేసరికి
మంగళం ఫిల్టర్ హౌసులో కరెంటు పోయింది.
జెనరేటర్ దగ్గి దగ్గి లేచేదాకా
ముగ్గురం చీకట్లో కూర్చున్నాం:
పరిశోధన ముగించి వచ్చిన పిల్ల,
ఏఈ అనే పేరుగల నేను,
ముప్పై ఏళ్లుగా వాల్వులు తిప్పుతున్న చెంగల్రాయుడు.

తెర మీద ఒక గీత.
చెరువు గట్టులా వంగిన గీత.
దాని మీద చుక్కలు, ఒక్కో చుక్కా ఒక్కో తిరుపతి.
"రెండువేల యాభై దాకా సార్" అంది.
"రాత్రికి నలభై వేల పథకాలు పుట్టించి
పనికిరానివాటిని అదే చంపేస్తుంది.
మిగిలినవి ఇవి.
ఇటు జరిగితే ఖర్చు. అటు జరిగితే దాహం."

నా సర్వీసులో నేను
మార్చి ముప్పై ఒకటి దాటి ఆలోచించింది లేదు.
కల్యాణి డ్యాములో ఎన్ని అడుగులు,
తెలుగుగంగ ఎప్పుడు విడుస్తారు,
బ్రహ్మోత్సవాలకి ట్యాంకర్లెన్ని.
నా భవిష్యత్తు ఎప్పుడూ
ఒక నోట్‌షీటు పొడవే.

చెంగల్రాయుడు చుక్కల్లోకి తొంగిచూశాడు.
"ఈ కొర్లగుంట వాల్వు పూరా మూసేస్తుందా పాపా?"
"అవును, రాత్రి రెండింటికి."
"అది మూసుకోదు. పదకొండున్నర చుట్లు, అంతే.
పన్నెండోది తిప్పితే
లీలామహల్ కాడ పైపు పగుల్తాది.
రెండుసార్లు పగిలింది. రెండోసారి మా చెల్లెలి పెండ్లి.
తాళి కట్టేది నేను చూడ్లేదు."

ఆ పిల్ల నవ్వలేదు.
పదకొండున్నర అని కొట్టింది.
ఆయన చొక్కా జేబులోంచి
బీడీల కట్ట పక్కనున్న నోటుబుక్కు బయటికొచ్చింది,
చెమటకి అంచులు ఉబ్బి,
పేజీ పేజీకీ చుట్లు.
నాలుగు రోజులు ఆయన చదివాడు, ఆమె ఎక్కించింది.
నలభై వేలలో సగం కుప్పకూలాయి.

ఐదో రోజు యంత్రం ఆమె నోటితో అడిగింది,
"మీకేం కావాలి సార్?"
ఈ మాట ఆఫీసులో నన్నెవరూ అడిగినట్టు లేదు.
తడబడి, అలవాటు కొద్దీ
ఖర్చు తగ్గాలి అన్నాను.

తగ్గించింది.
అంత చవకైన పథకం నేనెన్నడూ చూళ్లేదు.
పటంలో ఒక్కచోట మాత్రం ఎరుపు,
కొండ మొదట్లో, జీవకోన పై వీధులు.
అంత ఎత్తుకి తోడితే కరెంటు బిల్లు,
అందుకని అక్కడ మనుషులున్న సంగతి
లెక్క మర్యాదగా మరిచిపోయింది.

"ఎంత దయలేనిదమ్మా మీ లెక్క!"
చెంగల్రాయుడు బీడీ వెలిగించబోయి ఆగాడు.
"మనం చేస్తా ఉండేది ఇదే గదా సార్.
మనకి పటం లేదు, అంతే."

ఫ్యాను తిరుగుతూనే ఉంది.
అక్కడి మునెమ్మ పెట్టిన అర్జీ నా బీరువాలో ఉంది.
దాని మీద "పరిశీలించవలెను"
అని రాసింది నేనే, చక్కని దస్తూరీ.

"ఇంకో షరతు పెట్టు" అన్నాను,
"ఏ ఇంటికీ ఇంతకన్నా తగ్గకూడదని."
"ఎంతకన్నా?"
"అదే చెప్పాలిగా, నీ యంత్రం?"
"దానికి తెలీదు సార్. మీరు చెప్పాలి."

మనిషికి ఆరు బిందెలు అని రాశాను.
రాసి సంతకం పెట్టాను, ఎవరూ అడక్కపోయినా.

గీత పక్కకి జరిగింది. ఖర్చు పెరిగింది.
వాన పడినా, ఎగ్గొట్టినా,
ఊరు చంద్రగిరి దాకా పాకినా, ఇక్కడే ఆగినా
మిగిలిన పథకాలన్నీ
మొదటి ఏడాదికి చెప్పిన పని ఒక్కటే:
జీవకోనకి ఒక పంపు, కొర్లగుంటకి కొత్త వాల్వు.
తక్కినవి ఐదేళ్లకి మళ్లీ అడగండి అంది,
రెండువేల యాభై నాకూ కనబడదు అన్నట్టు.

ఫైలు పంపాను.
అకౌంట్స్ నుంచి తిరిగొచ్చింది:
"రెండువేల యాభై ఏ పద్దు కింద?"
మళ్లీ పంపాను.
మళ్లీ.

పంపు ఇంకా రాలేదు.
వాల్వు వచ్చింది, దసరా దాటాక, ఒక రాత్రి.
చెంగల్రాయుడు గుంతలోకి దిగి తిప్పాడు.
పదకొండున్నర దగ్గర చెయ్యి దానంతటదే ఆగింది.
పన్నెండు.
పదమూడు.
చెవి పైపుకి ఆనించి చాలాసేపు విన్నాడు.
తర్వాత నా ఫోను తీసుకుని, ఆ అపరాత్రి,
"పదిహేడు" అన్నాడు.
"రాసుకో పాపా."